సుభాష్ మాస్టారు చివరిదాకా విన్న పాట

సుభాష్ మాస్టారు కుదురుగా ఒకచోట కూర్చోవడం రాజోలులో ఎవరూ చూడలేదు. హైస్కూల్లో లెక్కలు చెబుతారు. చెప్పినంతసేపూ బల్లల మధ్య తిరుగుతూనే ఉంటారు. టీ సగం తాగి గ్లాసు ఎక్కడో పెట్టి మరిచిపోతారు. అమలాపురం బస్సెక్కితే ఆగిన ప్రతిచోటా దిగి, కండక్టరు చేత నాలుగు మాటలు అనిపించుకుని మళ్ళీ ఎక్కుతారు. ఆదివారం ప్రసంగం మొదలైన కాసేపటికే ఆంప్లిఫయర్ చూసొస్తానని బయటికి పోతారు. ఆంప్లిఫయరేమో లోపల పాస్టరుగారి పక్కనే ఉంటుంది. నా పేరు సీమోను. ఆయన పక్కింటివాణ్ణి, చర్చిలో డోలక్ వాయిస్తాను. ఈ మనిషిని రోజూ భరిస్తున్నాను కాబట్టి వెక్కిరించే హక్కు కూడా నాకుందనుకుంటాను.

ఆయన భార్య ఝాన్సీ అక్కగారు పూర్తిగా వేరే మనిషి. ఆవిడ ఉన్నచోట హడావుడి ఉండదు. గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. నాలుగో మాట తర్వాత వచ్చే పాట ఏళ్ళ తరబడి ఆవిడదే. దానికి డోలక్ ఉండదు. హార్మోనియం కూడా ముందు మొదలవదు. అక్కగారు ఎక్కడ ఎత్తుకుంటే అదే శ్రుతి. హార్మోనియం వాయించే ఎలీసమ్మగారు మెట్లు వెతుక్కుంటూ వెనకాల వస్తారు. ఆ శ్రుతి ఏదో మేమెవరం ఎప్పుడూ గుర్తుపెట్టుకోలేదు. ఆవిడ ఉండగా ఆ అవసరం మాకు రాలేదు.

కిందటేడాది వానలు వెనకబట్టాక అక్కగారి మెడలో గడ్డ కనపడింది. కాకినాడలో చూపిస్తే థైరాయిడ్ ఆపరేషన్ తప్పదన్నారు. గొంతు నరం పక్కనే పని కాబట్టి కొన్నాళ్ళు బొంగురుపోవచ్చు, సాధన చేస్తే తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నారు డాక్టరు. ఆ మాట విన్న దగ్గర్నుంచి మాస్టారి కాళ్ళు మరీ నిలవలేదు. ఆపరేషన్‌కి వెళ్ళేముందు కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, వీధిలో కొబ్బరి డొక్కల ట్రాక్టర్ పోయేదాకా ఆగి, ఆవిడ చేత ఆ పాట కంప్యూటర్‌లో రికార్డు చేయించారు. వట్టి గొంతు ఒక్కటే. పక్కన వాయిద్యం ఏదీ లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం సన్నగా, గరగరలాడుతూ వచ్చేది. ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాలు మొదలవుతున్నాయనగా మాస్టారు ఒక డాక్ తెప్పించారు. కంప్యూటర్‌లో అంకెలుగా దాక్కున్న పాటను మళ్ళీ శబ్దంగా మార్చి స్పీకర్లకు ఇచ్చే చిన్న నల్ల పెట్టె అది. ఆవిడ పాత గొంతు ఉన్నదున్నట్టు వినపడాలి, దానితో కలిసి ఆవిడ సాధన చేసుకోవాలి. ఆయన ఆశ అంతే.

పెట్టె తగిలించగానే పాట మధ్యలో టపటపమని చప్పుళ్ళు. ఇక మా మాస్టారికి పండగే. యూఎస్‌బీ వైరు మార్చారు. ముందున్న కంత లోంచి తీసి వెనక కంతలో పెట్టారు. పెట్టెను నడిపే పాత డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది ఎక్కించారు. నా చేత టార్చి పట్టించి బల్ల కిందికి దూరారు. చివరికి ఏదో వీడియోలో చూసి, పెట్టె శాంపిల్ రేటును నలభై ఎనిమిది వేలకు మార్చారు. సెకనుకు ఎన్ని ముక్కల చొప్పున పాట చదవాలో చెప్పే అంకె అది. చప్పుళ్ళు పోయాయి. పాట రెండు చరణాలు విని లేచిపోయారు.

“విన్నావా సీమోనూ, గొంతు ఎలా మెరిసిపోతుందో.”

“ఆయ్, బాగుందండీ మాస్టారూ,” అన్నాను. నిజంగానే మెరుస్తున్నట్టు అనిపించింది.

ఆ రోజు నుంచి సాయంత్రాలు అక్కగారు స్పీకర్ల ముందు కూర్చుని తన పాటతో తానే పోటీ పడేవారు. మొదటి చరణం దాటేది. రెండో చరణంలో పైకి వెళ్ళాల్సిన చోట గొంతు జీరబోయి ఆగిపోయేది. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ అక్కడే. గోడ ఇవతల నాకు అదంతా వినపడేది. చెప్పొద్దూ, కొన్ని సాయంత్రాలు టీవీ పెద్దగా పెట్టుకున్నాను.

మాస్టారు ఊరుకుంటారా. మిరియాల కషాయం కాచారు. ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు తెచ్చారు. అవి గొంతుకి ఎందుకు మంచివో నాకిప్పటికీ తెలీదు. స్పీకర్ల చోటు మార్చారు, వైరు మళ్ళీ మార్చారు. ఆవిడ అందుకోలేకపోతున్న ప్రతిసారీ ఈయన ఇంకో స్క్రూ విప్పేవారు. పాట మాత్రం ఒక్కసారీ పూర్తిగా విన్న పాపాన పోలేదు.

గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టలాదివారం ఆరాధన అయ్యాక అక్కగారు ఎలీసమ్మగారి దగ్గరికి వెళ్ళి, ఈసారి పాట మీరే పాడండి అని చెప్పేశారు. ఎలీసమ్మగారు నా వంక చూశారు. మాస్టారు అప్పటికే బయట మైకు వైరు చుడుతున్నారు. ఆయనకు ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన మొహం చూడలేకపోయాను.

మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. అక్కగారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మాస్టారు గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతున్నారు.

“ఆ పెట్టె తీసేయండి,” అన్నారు అక్కగారు. “ఇక నేను దాన్ని వినలేనండి.”

“కొత్త వైరు చెప్పేను ఝాన్సీ, రేపు వచ్చేత్తాది. అదొచ్చేక...”

“వైరు కాదండీ. గొంతే పోయింది. మీరు తిరిగినంత మాత్రాన వచ్చేత్తాదా?” ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. “ఒక్కసారి నా పక్కన కూర్చుని, మొత్తం వినండి. అయ్యాక తీసేద్దురుగాని.”

మాస్టారు కూర్చున్నారు. పాట మొదలైంది. ఆయన మోకాలు ఆడుతోంది. రెండో చరణంలో లేవబోతే ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. చివరి చరణం అయిపోయింది. రికార్డు ఇంకా నడుస్తోంది. ఆ తర్వాత స్పీకర్లలోంచి ఎవరో పలచటి గొంతుతో, బస్సు తప్పిపోతున్నవాడిలా గబగబా, “అయిపోయిందా? ఫ్యాను వేసెయ్యనా?” అన్నారు.

“ఎవరండీ ఆ కుర్రాడు?” అన్నాను.

మాస్టారు రికార్డు ఆపేశారు. మొహం తెల్లబోయింది. “నేనేరా. అది నా గొంతు కాదు గానీ, నేనే.”

ఒక్క గంతులో కంప్యూటర్ మీద పడ్డారు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. పాట రికార్డయింది నలభై నాలుగు వేల నూరులో. పెట్టె చదువుతున్నది నలభై ఎనిమిది వేలలో. మామూలుగా ఆ తేడా కంప్యూటర్ తనే సర్దుతుంది. ఆయన రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం సర్దకుండా నేరుగా పెట్టెకు పంపేస్తోంది. అందుకే పాట కాస్త వేగంగా, కాస్త పై శ్రుతిలో వస్తోంది. ఇన్నాళ్ళూ అక్కగారు అందుకోవాలని పాకులాడిన గొంతు ఆవిడకు ఎప్పుడూ లేదు. హార్మోనియం మెట్టు ఒక్కటి నొక్కి చూసుంటే తెలిసేది. కానీ ఆవిడ గొంతును హార్మోనియంతో సరిచూడటం మా చర్చిలో ఎవరికీ అలవాటు లేని పని.

అంకె మార్చి, పాట మళ్ళీ పెట్టారు. ఈమధ్య వైరు మార్చినందుకో ఏమో, పాత చప్పుళ్ళు రాలేదు. గొంతు కిందికి దిగి, నిదానంగా, మాకు తెలిసిన ఝాన్సీ అక్కగారిలా వచ్చింది. ఎవరూ అడగకుండానే ఆవిడ గొంతు కలిపారు. గరగర అలాగే ఉంది. రెండో చరణం వచ్చింది. పై చోటు వచ్చింది. గొంతు కొంచెం వణికింది, అందుకుంది, దాటేసింది.

“ఇన్నాళ్ళూ నాది కాని గొంతు వెనకాల పరిగెత్తించేరు కదండీ నన్ను,” అన్నారు పాటలోంచి బయటికొచ్చి. కోపంగానే అన్నారు. మాస్టారు అలవాటుగా, ఆంప్లిఫయర్ చూసొస్తానని లేచారు. ఇంట్లో ఆంప్లిఫయరే లేదు.

“కూర్చోండి. ఇంకా అవ్వలేదు.”

పాట అయిపోయింది. ఆ తర్వాత మాస్టారి అసలు గొంతు, బరువుగా, నిదానంగా వచ్చింది.

“అయిపోయిందా? ఫ్యాను వేసెయ్యనా?” కుర్చీ జరిగిన చప్పుడు. “ఝాన్సీ, ఇలా చూడు. గొంతు వచ్చినా రాకపోయినా ఫర్వాలేదు. నువ్వు ఇంటికొచ్చెయ్యి. నాకదే చాలు.”

మాస్టారు తల దించుకుని నేల చూస్తున్నారు. అక్కగారు ఆయన మోకాలి మీద చెయ్యి వేశారు. అది ఆడటం మానేసింది.

శుక్రవారం నాలుగో మాట తర్వాత ఆవిడ లేచి పాట ఎత్తుకున్నారు. ఎలీసమ్మగారు మెట్లు వెతుక్కుంటూ వెనకాల వచ్చారు. పాట అయ్యేదాకా సుభాష్ మాస్టారు బల్ల మీద నుంచి లేవలేదు.