దొంగ వంతు

నా చిన్నప్పుడు, వాకాడు దగ్గర మా ఊళ్ళో, కోతలయ్యాక ఖాళీ పడ్డ కళ్ళమే పిల్లలందరికీ ఆటస్థలం. సముద్రపు గాలికి పొట్టు లేచి కళ్ళల్లో పడుతున్నా సాయంత్రమైతే అక్కడే ఉండేవాళ్ళం. దొంగ ఎవరిని ముట్టుకుంటే వాళ్ళు తర్వాతి దొంగ, అంతే మా ఆట. మా చెల్లెలికి పసితనంలో వచ్చిన జ్వరంతో కుడికాలు చచ్చుబడింది. అది గడ్డివామి పక్కన కూర్చుని చూస్తూ ఉండేది.

నాకప్పుడు పదేళ్ళు, పెత్తనమంతా నాదే. చెల్లెల్ని కూడా ఆడించాలని ఒకరోజు కొత్త నియమం పెట్టాను. దాని చెయ్యి పట్టుకున్నవాళ్ళను దొంగ ముట్టకూడదు. ఎంత గొప్ప ఉపాయం కనిపెట్టానోనని మురిసిపోయాను. అందరూ చుట్టూ చేరేసరికి దాని ముఖం కూడా వెలిగిపోయింది. కాసేపటికి ఒకడికి తట్టింది, దాన్ని వెంట లాక్కుని పరిగెత్తితే దొంగకు అసలు చిక్కనక్కర్లేదని. ఇంకొకడు రెండో చెయ్యి అందుకున్నాడు. నా నియమం ఎవరూ తప్పలేదు. చెల్లెలు బోర్లా పడింది, ఆ కాలే కింద మడతపడింది.

మా ఇంట్లోనే ఉండే మేనత్త నన్ను తిట్టలేదు. వామనగుంటల పీట ముందేసి, గుంటకు నాలుగేసి చింతగింజలు పోసి, ఒక గుంటలో మాత్రం ఇంకొక్క గింజ వేసింది. ఒక గుంటలోవి తీసి వరసగా ఒక్కొక్కటీ పంచుకుంటూ పోతే ఆట ఏ గుంట దగ్గర ఆగుతుందో చెప్పమంది. ఇదెంత పని అనుకుని చెప్పాను. గింజలు నేను చెప్పిన గుంట దాటి, పీటంతా తిరిగి, ఇంకెక్కడో ఆగాయి. ఆ ఒక్క గింజను వేరే గుంటలోకి మార్చింది. మళ్ళీ చెప్పాను, మళ్ళీ తప్పింది.

"ఒక్క గింజకే ఇట్టుంటే, అంతమంది పిల్లకాయల్లో నువ్వు పెట్టిన మాట ఎట్ట తిరుగుద్దో కాస్సేపు చూడొద్దా అమ్మే? అసలు నీకేం కావాలని దాన్ని అడిగినావా?"

అడగలేదు. అప్పుడు వెళ్ళి అడిగాను. పసుపు పట్టు వేసిన కాలు వైపు చూసుకుంటూ, "నన్ను గూడా ముట్టుకోండక్కా. ఒకసారి నేను గూడా దొంగనవతా," అంది. నాకు ఏడుపు ఆగలేదు.

వాపు తగ్గడానికి నెలలు పట్టింది. మా నాన్న దాన్ని మళ్ళీ కళ్ళం వైపు పోనివ్వలేదు. రెండేళ్ళు తిరిగేసరికి నాకు ఓణీలు వేశారు, మా జట్టు చెదిరిపోయింది.

తర్వాత పంతులమ్మనై బడిలో ఎన్నో నియమాలు పెట్టాను. ఏది పెట్టినా, ఎవరి కోసం పెడుతున్నానో ఆ పిల్లను ముందు అడిగాను. పెట్టాక కొన్నాళ్ళు పక్కన నిలబడి చూశాను. ఓపిక గలదాన్నని అందరూ మెచ్చుకునేవారు. ఏం లాభం? మా చెల్లెలికి మాత్రం దొంగ వంతు రానేలేదు.