మేష్టారి రైలూ, మోటార్ల మాబూ

పొదిలి చుట్టుపక్కల ఏ పొలంలో బోరు ఆగిపోయినా ముందు తలచుకునే పేరు మాబు సాహెబ్‌ది. ఒంగోలు రోడ్డు మీద రేకుల షెడ్డు, గుమ్మంలో రాగి తీగ చుట్టలు, లోపల విప్పి పడేసిన మోటార్లు, వాటి మధ్య లుంగీ ఎగగట్టుకుని కూర్చున్న యాభై ఎనిమిదేళ్ల మనిషి. కాలిన మోటారును వాసన చూసి ఎందుకు కాలిందో చెప్పగలడు. ఊరికే చెప్పడు, తెచ్చిన రైతును నాలుగు తిట్టి మరీ చెబుతాడు. ముప్పయ్యేళ్లుగా ఆ తిట్లు తిని కూడా జనం అక్కడికే వస్తున్నారంటే పనితనం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

అలాంటివాడికి ఈ మధ్య దిగులు పట్టుకుంది. స్టార్టర్లలో బోర్డులు వచ్చాయి. ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తే పొలంలో మోటారు తిరిగే పెట్టెలు వచ్చాయి. అవి పాడై వస్తే మాబు సాహెబ్ మూత విప్పి, లోపలి పచ్చ బోర్డును అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ మూత బిగించి, "ఒంగోలు తీసుకుపో" అంటున్నాడు. ఆ మాట అన్న పూట అతనికి అన్నం సయించదు. ఇది తెలిసే అల్లుడు మాలిక్ ఒక గురువారం పొద్దున గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. తను పనిచేసే మిర్చి కోల్డ్ స్టోరేజీలో గేటు దగ్గర లారీల చీటీలు చూసే పని ఖాళీగా ఉందట. ఫ్యాను కింద కుర్చీ. సోమవారంలోగా అవునో కాదో చెప్పాలి.

సరిగ్గా ఆ గురువారమే త్యాగరాజు మేష్టారు షెడ్డు ముందు స్కూటరు ఆపారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పొదిలి మీదుగా రైలు లైను పనులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి కానీ మేష్టారికి అంత ఓపిక లేదు. మేడ మీద గదిలో తనే ఒక లైను వేసేసుకున్నారు. ఎనిమిది అడుగుల బల్ల, దాని మీద జానెడు వెడల్పు కూడా లేని పట్టాలు, అట్టతో చేసిన పొదిలి స్టేషను, విదేశం నుంచి తెప్పించిన బుల్లి ఇంజను, వెనక మూడు పెట్టెలు.

"మాబూ, నా రైలు నడవడం లేదయ్యా. ఒకసారి వచ్చి చూడు" అన్నారు.

"నేను బోరు మోటార్లోణ్ణి మేష్టారూ. రైళ్లు నాకేం తెలుసు?"

"దాంట్లోనూ మోటారే కదా ఉండేది!"

ఆ మాటకు మాబు సాహెబ్ లేచాడు. లేస్తూ, టీ తెచ్చిన భార్య జైతున్‌బీతో తెగేసి చెప్పాడు. "ఈ బొమ్మ రైలు సంగతి నాకు అంతుబడితే షెడ్డు ఉంచుతా. పట్టకపోతే సోమవారం అల్లుడికి సరేనని చెప్పేద్దాం." జైతున్‌బీ తల ఊపింది. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఆ మనిషి ముందు ఎప్పుడు తల ఊపాలో ఆమెకు బాగా తెలుసు.

మేడ మీద గదిలో మేష్టారు చేతిలోకి ఇమిడే కంట్రోలర్ చూపించి పాఠం మొదలుపెట్టారు. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఒక్క తీరున ఉంటుంది. ఆ కరెంటులోనే కంట్రోలర్ మాటలు పంపుతుంది. ఇంజనులో ఒక బుల్లి బోర్డు ఉంది, దానికో నంబరు ఉంది. మూడో నంబరూ, ముందుకు నడు అంటే మూడో నంబరు ఇంజనే కదులుతుంది. బోర్డనగానే మాబు సాహెబ్ మొహం చిన్నబోయింది. అయినా కూర్చున్నాడు.

రైలు స్టేషను దాటి చక్కగానే పోతుంది. పొదిలే ఆఖరి స్టేషను కాబట్టి ఇంజను తిరిగి రావాలని, బల్ల చివర మేష్టారు పట్టాలను గుండ్రంగా వంచి మళ్లీ అదే లైనులో కలిపారు. బండి ఆ చుట్టులోకి వెళ్లి, బయటికి రాబోయే చోట కంట్రోలర్ కుయ్యిమంటుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, అంతా ఆగిపోతుంది. ఎక్కడో షార్ట్ అవుతోంది. ఫోన్లో వీడియోలు చూస్తే వాళ్ల ఇంగ్లీషూ వాళ్ల పెట్టెలూ వేరేగా ఉండి మేష్టారి తల ఇంకా తిరిగిందట.

మొదటి రోజంతా మాబు సాహెబ్ చక్రాలు తుడిచాడు, అతుకులు చూశాడు. ఏమీ దొరకలేదు. శుక్రవారం నమాజు చేసుకుని వచ్చి, జేబులోంచి రెండు దారపు ఉండలు తీశాడు. మోటారు చుట్టేటప్పుడు కాయిలు మొదలుకు ఎర్ర దారం, చివరకు తెల్ల దారం కట్టుకోవడం అతని అలవాటు. ఇక్కడ ఎడమ పట్టా వెంట ఎర్ర దారం, కుడి పట్టా వెంట తెల్ల దారం పరుచుకుంటూ బల్ల చుట్టూ నడిచాడు. చుట్టు తిరిగి వచ్చేసరికి ఎర్ర దారం నేరుగా వెళ్లి తెల్ల దారం మీద కూర్చుంది.

"చూడండి మేష్టారూ. మొదలూ చివరా ఒకదాన్నొకటి తగులుకుంటన్నాయి. కుయ్యిమనక ఏం చేస్తది?"

మేష్టారు నెత్తి కొట్టుకున్నారు. "ముప్పై రెండేళ్లు పిల్లలకు కరెంటు పాఠం చెప్పానయ్యా నేను!"

రోగం తెలిసింది, మందే కుదరలేదు. చుట్టును రెండు చివర్లా కోసి విడదీయాలి. బండి దాని లోపల ఉన్నప్పుడు ఆ ముక్కకు కరెంటు ఇచ్చే రెండు తీగలను అటుదిటు ఇటుదటు మార్చాలి. అప్పుడు బయటికి వచ్చేచోట ఎర్రకు ఎర్రే ఎదురవుతుంది. కానీ తీగలు మారిస్తే మోటారు వెనక్కి తిరుగుతుందే! బోరు మోటారు తిరగబడి తిరుగుతోందని రైతు ఫోన్ చేస్తే, "రెండు వైర్లు మార్చవయ్యా" అని నిద్రలో కూడా చెప్పగల మనిషి మాబు సాహెబ్. ఉన్నపళంగా ఇంజను వెనక్కి తిరిగితే పెట్టెలన్నీ పట్టాలు తప్పుతాయి. అవునంటే అవునని మేష్టారూ అన్నారు. ఇద్దరికీ ఉన్న చదువే అడ్డం పడి, శనివారమంతా టీలు తాగుతూ ఆ బల్లను చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం ఇంటికి వచ్చిన మాబు సాహెబ్ గుంటూరులో ఇంటి అద్దెలు ఎట్లా ఉన్నాయని అడిగాడు. జైతున్‌బీ వినపడనట్టు అన్నం వడ్డించింది.

ఆదివారం పొద్దున ఆమే మేష్టారింటికి బయల్దేరింది. ఇన్ని రోజులుగా మొగుణ్ణి పట్టి కూర్చోబెట్టిన ఆ రైలేదో చూడాలనుకుంది. పైకి వచ్చి, స్టేషనులో ఆగి ఉన్న ఇంజనును పెట్టెల నుంచి విడదీసి అరచేతిలో పెట్టుకుంది. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అని మురిసిపోయి మళ్లీ పట్టాల మీద పెట్టింది. పెట్టడం మాత్రం ముక్కు వెనక్కి తిప్పి పెట్టింది.

"ఒకసారి నడిపించండి మేష్టారూ, చూస్తా."

మేష్టారు ముందుకు నడవమని మీట తిప్పారు. ఇంజను ముక్కు ఎటుంటే అటే, నిమ్మళంగా ముందుకు పోయింది.

మాబు సాహెబ్ లేచి నిలబడ్డాడు. "ఆపండి!" అని అరిచి, ఇంజనును తీసి ఇటు తిప్పి పెట్టాడు. ముందుకే పోయింది. అటు తిప్పి పెట్టాడు. ముందుకే పోయింది. తిప్పి పెట్టినప్పుడల్లా చక్రాల కింద కరెంటు తారుమారవుతోంది, దానికి మాత్రం ఆ పట్టింపే లేదు!

"మేష్టారూ, మనం రెండు రోజులుగా వెర్రిమొహాలేసుకుని కూర్చున్నాం. ఎటు పోవాలో చెప్పేది తీగలు కాదు, మీ మాట! ఆ మాట వినేదే లోపలి బోర్డు. తీగ ఎటు మారితే దానికేంది?"

ఆ తర్వాత పని ఎంతసేపు? పట్టాలను నాలుగు చోట్ల సన్నగా కోశాడు. షెడ్డు నుంచి రెండు వైపులా పడే చిన్న చేంజోవర్ స్విచ్ తెచ్చి బల్ల అంచుకు బిగించాడు. పెట్టెలు తగిలించుకుని బండి చుట్టులోకి వెళ్లింది. మేష్టారు పట్టాలు కలిసే చోట బయటికి దారి మార్చారు. మాబు సాహెబ్ స్విచ్ అటు వేశాడు. బండి ఉలకలేదు, పలకలేదు, ఆగలేదు. చుట్టు దాటి, పట్టాలు కలిసే చోటు దాటి, ముక్కు ముందుకు పెట్టుకుని పొదిలి స్టేషనుకు తిరిగొచ్చింది.

మాబు సాహెబ్ కళ్లు చెమర్చాయి. మేష్టారి ముందు దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఇన్నాళ్లూ తను భయపడింది ఇంత చిన్న బోర్డుకా అని నవ్వూ వచ్చింది. అంత సంతోషం అతనికి ఈ మధ్య కాలంలో కలగలేదు.

"ఫోన్ తియ్యవే. మాలిక్‌కి చెబుదాం, నేను రానని."

"గురువారమే చెప్పేశా" అంది జైతున్‌బీ, కళ్లు రైలు మీద నుంచి తిప్పకుండా.

"గురువారమా? అప్పటికి నాకు దీని రోగమేందో కూడా తెలీదే! ఇది నడవకపోతే ఏం చేసేదానివి?"

"నడవకపోతే ఏంది? ఇంకో నెల ఈ మేడ మీదే కూర్చునేవాడివి. వదిలిపెట్టి పోయే మొహమా అయ్యా నీది?"

మాబు సాహెబ్ మేష్టారి దగ్గర కంట్రోలర్ అడిగి తీసుకుని, ఆమె చేతిలో పెట్టి, మీట ఎటు తిప్పాలో చూపించాడు.