అమ్మ పేరున వేసిన వేలిముద్ర

1945 వేసవిలో నాకు పదమూడేళ్లు. గద్వాలలో మా వీధి చివర ఒక పఠనమందిరం, అందులో బ్యాటరీ రేడియో ఉండేవి. బ్యాటరీ అయిపోతే రైల్లో కర్నూలు పంపి ఛార్జి చేయించాలి. తిరిగి రావడానికి ఐదు రోజులు. అందుకని మందిరం చూసుకునే పెద్దాయన యుద్ధవార్తలు కాగానే రేడియో కట్టేసేవారు. గురువారాల్లో ఆ వెంటనే వచ్చేది స్త్రీల కార్యక్రమం. ఎదురింటి అరుగు మీద కూర్చునే మాకు దాని పేరు చెప్పడం వరకే వినపడేది. ఆడవాళ్లు మందిరం లోపలికి వెళ్లే ఆనవాయితీ లేదు.

మా అన్న, అతని స్నేహితులు నెలకొక లిఖితపత్రిక తెచ్చేవారు. ఒకటే ప్రతి. ఇరవై రెండు ఇళ్లు, ఇంటికొక రోజు. చదివినవాళ్లు చివర అభిప్రాయం రాయాలి. రాసేది మగవాళ్లే. నా దస్తూరి బాగుంటుందని శుద్ధప్రతి రాయడం, ఇల్లిల్లూ చేర్చడం మాత్రం నా పని.

ఆ నెల ఎవరినీ అడగకుండా ఒక పేజీ కలిపాను. గురువారం స్త్రీల కార్యక్రమం వినగోరేవారు గుర్తు వేయండని పైన రాసి, కింద గళ్లు గీశాను. వంటిళ్లలో కూర్చుని చదివి వినిపించాను. అక్కడ సిరా ఉండదు కనుక కాటుకలోనే బొటనవేళ్లు అద్దారు. పక్కింటి వదిన, “మా అత్త రోజు జెప్పేది సాలదా, ఇంక రేడియో గూడ జెప్పాల్నా?” అని నవ్వి, నవ్వుతూనే వేలు నొక్కింది.

మా అమ్మను అడగలేదు. కాదంటుందని భయం. పదిహేడో గడిలో ఆమె పేరు రాసి నా వేలే అద్దాను.

పత్రిక ఇళ్లన్నీ తిరిగి మందిరం చేరిన సాయంత్రం పెద్దాయన దాన్ని పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

“గీ ముద్రలన్ని నీ చెల్లెనే వేసినట్లున్నది. ఒక్కటి దొంగదని తేలినా పేజీ చింపుత” అన్నారు అన్నతో.

అన్న పేజీ అంతా చూసి అమ్మను పిలిచాడు. “నీ బొటనవేలికి కత్తిపీట గాటున్నది గద. నీ పేరు కింది ముద్రల లేదేంది?”

అమ్మకు చదువు రాదు. కాగితాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

“ఎడమచెయ్యితోని వేసిన. కుడిచేతికి పిండి ఉండె.”

పెద్దాయన పత్రిక మూసి అన్న చేతికిచ్చారు. “సరే తియ్యి. బ్యాటరీ ఒడిస్తే నన్ననొద్దు” అని వెళ్లిపోయారు.

అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. తిట్టలేదు.

“మీ నాయన నన్నెన్నడు ఏది అడగలే. మీ అన్న అడగలే. నువ్వన్న అడుగుతవనుకున్న.”

గురువారం రేడియో మోగింది. బాలింత ఆరోగ్యం గురించి ఎవరో ఆమె అరగంట మాట్లాడింది. అరుగు మీద లెక్కపెట్టాను, పదహారు మంది. అమ్మ రాలేదు. పదిహేడు గుర్తులతో రేడియో పెట్టించానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఆ లెక్క తప్పు.

మరుసటి నెల అదే పేజీ మళ్లీ గీసి, మొదట అమ్మ ముందు పెట్టాను.

“ఏం రాసినవో సదువు” అంది.

చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. అప్పుడు కుడిచేతి పిండి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, కాటుకలో వేలు ముంచి మొదటి గడిలో నొక్కింది. ముద్రకు అడ్డంగా గాటు తెల్లగా పడింది.