మాత్రల రేకు ఫోటో

అది శుక్రవారం. విమానాశ్రయం గోడ గడియారంలో ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. మన ఊళ్లో అప్పటికి పదీ యాభై. ఆ గల్ఫ్ దేశపు కస్టమ్స్ అధికారి నా సంచిలోంచి తొంభై కాగితపు పొట్లాలు తీసి బల్ల మీద పోశాడు.

కూతురి కాన్పుకని మూడు నెలల వీసా మీద వెళ్లాను. నా బీపీ మాత్రలు, షుగరు మాత్రలు రేకుల్లోంచి విడదీసి, రోజుకొక పొట్లం కట్టి, ఒక్కోదాని మీద తేదీ వేసుకున్నాను. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసినదాన్ని, నాకు ఏదైనా అలాగే ఉండాలి. మా వీధి మనిషి ఒకతను అక్కడ డ్రైవరు. సెలవు ముగిసి అదే విమానంలో తిరిగి వెళ్తున్నాడని మావాళ్లు నన్ను అతనికి అప్పగించారు. పొట్లాలు చూసి అతను ఇంటి దగ్గరే నవ్వాడు.

“గవేంది టీచరమ్మా, ఆడ కిరాణం దుకాణం పెడ్తవా?”

డాక్టరు చీటీ ఉందిగా అనుకున్నాను. రేకు లేని మాత్రకు పేరుండదన్న సంగతి నాకు తట్టలేదు. అవి ఏం మాత్రలని అధికారి ఉర్దూలో అడిగాడు. రాయచూరు దాన్ని, ఉర్దూ వచ్చు. చీటీ చూపించాను. ఆయన చీటీనీ పొట్లాన్నీ మార్చి మార్చి చూసి తల అడ్డంగా ఊపాడు. మత్తు మాత్రలు తెచ్చారని జైల్లో పెట్టినవాళ్ల సంగతులు డ్రైవరు విమానంలో దారి పొడుగునా చెప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది, విప్పే ముందు రేకులకు ఫోటో తీసుకున్నానని. ఫోను తాళం తీసి నేనే ఆయన చేతికిచ్చాను.

ఆయన నా రేకులు చూశాడు. అక్కడ ఆగలేదు. వేలితో పక్కకు జరిపాడు. ఇంకో రేకు. ఇంకోటి. అవి నావి కావు.

మా ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లు పిల్లలు పుట్టకుండా వాడే మాత్రలవి. ప్రతి ఆదివారం రేకు ఫోటో తీసి నాకు పంపుతారు. ఒకరోజు తప్పితే ఏం చేయాలో చెప్తాను. తేదీలు గుర్తుండక కాదు. ఇంట్లో క్యాలెండరు మీద గీత పెట్టుకునే వీలు వాళ్లకు లేదు, ఎవరైనా చూస్తారు.

“ఇన్ని రేకులు ఎవరివి? అమ్ముతావా?” అన్నాడు ఆయన.

“సబ్ మేరేచ్ హై సాబ్,” అన్నాను. అన్నీ నావేనని. నాకు అరవై తొమ్మిదేళ్లు.

ఆ ఫోటోలు ఎవరు పంపారో చూడటానికి మెసేజీలు తెరిచాడు. ఒక రేకు కింద ఉన్న వాయిస్ మెసేజి నొక్కాడు. నాకు చెవి మందం కాబట్టి సౌండు ఎప్పుడూ నిండుగా ఉంటుంది.

“టీచరమ్మా, నిన్న మాత్ర మర్చిన. అత్త ఆడ్నే కూసున్నది, డబ్బ తియ్యనీకె కాలే. ఇయ్యాల రెండు ఏసుకోవాల్నా?”

ఆ గొంతు డ్రైవరు తమ్ముడి భార్యది.

ఏమంటోంది అని అధికారి అడిగితే, నా ఆరోగ్యం అడుగుతోందన్నాను. నమ్మలేదు. గీత అవతల సామాన్ల బండితో నిలబడ్డ డ్రైవరును వేలితో పిలిచాడు. “అతను వద్దు సాబ్, నేనే చెప్తా” అని బతిమాలాను. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. మళ్లీ నొక్కాడు.

డ్రైవరు మొదట తెలిసిన గొంతు విని నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో పోయింది. ఒక్క ముక్క మార్చకుండా ఉర్దూలో చెప్పాడు. అధికారి మూతి మీద చెయ్యి పెట్టుకుని నవ్వి, పొట్లాలు నా వైపు తోసి, వెళ్లమన్నాడు. ఆయన పని అయిపోయింది.

బండి తోస్తూ డ్రైవరు నా వైపు చూడకుండా అడిగాడు.

“మా తమ్మునికి ఎరికేనా?”

“ఇద్దరు పిల్లలున్నరు కద నాయనా. ఆ పిల్లకు రక్తం లేదు. ఇంకో కాన్పయితే పానం మీదికొస్తదని యరగేర దవాఖానల డాక్టరమ్మ నీ తమ్మునికే చెప్పింది.”

“నేనడిగింది గది కాదు. మా ఇంటి ముచ్చట మాకు తెల్వకుండ నీ ఫోన్‌ల పెట్టుకుంటవా?”

తన ఫోను తీసి స్తంభం పక్కకు వెళ్లాడు. నేను ఆ పిల్లకు చేయబోయాను. నా సిమ్ము అక్కడ పలకలేదు. పెట్టె మీద కూర్చున్నాను. అతను మాట్లాడుతూనే ఉన్నాడు.

కూతురి ఇంటికి చేరి, అల్లుడి వైఫైతో, “మాత్రలు దాచు, ఫోన్‌ల అన్నీ తీసెయ్” అని పంపాను. ఒక్క టిక్కే పడింది, మెసేజి ఆమెకు చేరలేదు. మర్నాడు పొద్దునా ఒక్క టిక్కే. మనవడు పుట్టిన రోజూ ఒక్కటే.

మూడు నెలలకు ఊరికి వచ్చాక తెలిసినవీ జరిగినవీ రాస్తున్నాను. ఆ పిల్ల ఫోను, ఇప్పుడు అత్త బీరువాలో. రేకులు మూడు, పొయ్యిలో. నేను భయంతో తుడిచేసిన ఫోటోలు, ఐదుగురివి, ఏడాదివి. మిగతా నలుగురిలో ముగ్గురు ఏమీ పంపడం లేదు, నాలుగో ఆమె ఎదురైతే తల తిప్పుకుంటుంది. ఆ పిల్ల రక్తం నేను వెళ్లేటప్పుడు ఎనిమిదిన్నర గ్రాములు, ఇప్పుడు ఏడు. కడుపుతో ఉంది, మూడో నెల.