కాటా గది కంప్యూటర్, ఒక బకెట్ నీళ్లు

నేను రిటైర్ కావడానికి ఐదేళ్ల ముందు, జూన్ ఒకటో తారీఖున, పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని మా పంపుల ఫ్యాక్టరీలో నన్ను సిస్టమ్స్ విభాగానికి ఇన్‌చార్జిగా వేశారు. హోదా అసిస్టెంట్ మేనేజరు. విభాగమంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఒక ఏసీ గది, ఒక బీరువా, నేను. ఫ్యాక్టరీ మొత్తం మీద అరవై దాకా కంప్యూటర్లు ఉండేవి. ఏది మొరాయించినా నా నంబరుకు ఫోన్ చేయాలి, నేను ఫిర్యాదుల పుస్తకంలో రాసుకుని వెళ్లి బాగుచేయాలి. చెప్పబోయేది ఆ మరుసటి ఏప్రిల్ సంగతి.

మొదటి రెండు నెలలు నా ఫోను పెద్దగా మోగలేదు. యంత్రాలు బుద్ధిగా పనిచేస్తున్నాయని సంతోషించాను. తర్వాత తెలిసింది, జనం నాకు కాకుండా స్టోర్సుకు ఫోన్ చేస్తున్నారని. అక్కడ మాణిక్యం అనే సీనియర్ క్లర్కు ఉండేవాడు. జోగిపేట మనిషి, ఇంచుమించు నా ఈడువాడే. చదివింది ఇంటర్మీడియట్. కంప్యూటర్ కోర్సు గడప తొక్కలేదు. పాత సామాన్ల దుకాణాల్లో ఏరుకొచ్చిన భాగాలతో ఇంట్లో సొంతంగా కంప్యూటర్ తయారు చేసుకున్నాడు. ఎవరు ఏ మానిటర్ కొనాలో, ఎవరి ల్యాప్‌టాప్‌కు ఏ బ్యాటరీ పడుతుందో క్యాంటీన్‌లో టీ తాగుతూ చెప్పేవాడు. ఆయన చుట్టూ పది మంది మూగేవారు. నా బల్ల దగ్గర నేనూ, నా టీ గ్లాసూ. డిప్లొమా చేసి, ఇరవై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నవాణ్ణి. నాకు ఒళ్లు మండేది.

అంతటితో పోయినా బాగుండేది. పటేల్‌గూడలో మా ఇంట్లో మంచి కంపెనీ కంప్యూటర్ ఒకటి, ఖరీదు చూసుకోకుండా కొన్నది, ఉండేది. ఒకరోజు ఆన్ చేస్తే బీప్ బీప్‌మని మొత్తుకుంది గాని తెర మీద బొమ్మ రాలేదు. రెండు రోజులు కుస్తీ పట్టాను. మూడో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మాణిక్యం మా హాల్లో కింద కూర్చుని దాని మూత విప్పుతున్నాడు. మా ఆవిడ సరోజ ఫోన్ చేసి పిలిపించింది. ఆయన ర్యామ్ పలకను బయటికి తీసి, దాని పసుపు పళ్లను పెన్సిల్ రబ్బరుతో నాలుగు సార్లు రుద్ది, మళ్లీ పెట్టాడు. తెర వెలిగింది. "గింతే సార్, జెర మురికి పట్టింది" అన్నాడు. అన్నయ్యగారూ అంటూ సరోజ ఆయనకు ఉప్మా పెసరట్టు వేసి పెట్టింది. నేను అడిగితే ఆదివారం దాకా ఆగమనే పెసరట్టు. తిన్నది ఆయన, కడుపు మండింది నాకు.

ఆ వారంలోనే మాణిక్యం తనను సిస్టమ్స్ విభాగానికి బదిలీ చేయమని దరఖాస్తు పెట్టుకున్నాడు. ప్లాంట్ మేనేజర్ నా అభిప్రాయం అడిగారు. "తగిన అర్హత లేదు. విభాగానికి అవసరమూ లేదు" అని రాశాను. అక్కడితో ఆగక, ఒక సర్క్యులర్ తయారు చేసి మేనేజర్ చేత సంతకం చేయించాను. సిస్టమ్స్ విభాగం లిఖితపూర్వక అనుమతి లేకుండా కంప్యూటర్లకు గాని, వాటికి అనుబంధమైన దేనికి గాని ఇతరులెవరూ చేయి పెట్టరాదు అన్నది అందులో సారాంశం. ఎవరి కోసం రాశానో ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు.

మాణిక్యం ఆ కాగితం పట్టుకుని నా గదికి వచ్చాడు. "సార్, అనుబంధమైనయి అంటె ఏమేమి వస్తయి?" అని అడిగాడు. ఎగతాళి అనుకున్నాను. తలెత్తకుండా "అన్నీ" అన్నాను. "మంచిది సార్" అని వెళ్లిపోయాడు.

పది రోజులకు కాటా గదిలో కంప్యూటర్ మొరాయించింది. కాటా అంటే లారీని ఖాళీగా ఒకసారి, సరుకుతో ఒకసారి తూచే పెద్ద తూకం. ఆ బరువు వైరు గుండా కంప్యూటర్‌కు వస్తుంది, అది చీటీ ముద్రిస్తుంది. చీటీ లేనిదే గేటు దాటనివ్వరు. ఇప్పుడు బరువు అంకెలు పిచ్చిపిచ్చిగా మారుతున్నాయి, ఉన్నట్టుండి తెర బిగుసుకుపోతోంది, దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతోంది. వైరు మార్చాను. లోపలి భాగాలకు కరెంటు పంచే పెట్టె మార్చాను. ర్యామ్‌ను రబ్బరుతో కూడా రుద్దాను, ఎవరూ చూడకుండా. మొత్తం చెరిపేసి ప్రోగ్రాములన్నీ కొత్తగా ఎక్కించాను. చివరికి నా గదిలోని కంప్యూటర్‌నే తెచ్చి పెట్టాను. ఏది పెట్టినా గంట పనిచేసేది, మళ్లీ అదే కథ. లారీలు సర్వీసు రోడ్డు దాకా నిలిచిపోయాయి.

మాణిక్యాన్ని ఒకసారి చూడమందామా అని డిస్పాచ్ వాళ్లు అడిగారు. సర్క్యులర్ ఉంది కదా అన్నాను. మేనేజర్ నాకు శుక్రవారం దాకా గడువు ఇచ్చారు. అప్పటికీ కాకపోతే కంప్యూటర్ల నిర్వహణ అంతా బయటి కంపెనీకి ఇచ్చేసి, నా విభాగం ఎత్తేస్తామన్నారు. నన్నెక్కడ వేస్తారని అడిగితే, స్టోర్సులో ఖాళీ ఉందన్నారు. అంటే మాణిక్యం పక్క కుర్చీ.

శుక్రవారం ఉదయం బిహారు డ్రైవరు ఒకాయన చీటీ కోసం వంగి, కంప్యూటర్ డబ్బా మీద మోచెయ్యి ఆనించి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "సాబ్, కరెంట్ మార్‌తా హై" అన్నాడు, షాక్ కొడుతోందని. రబ్బరు అడుగుల బూట్లు వేసుకున్న నాకు అన్నాళ్లూ ఆ సంగతి తెలియలేదు. మీటరు తెచ్చి ప్లగ్గులో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజి చూశాను. రెండు మూడు వోల్టులు దాటకూడదు. నలభై చూపించింది.

ఎర్తు అంటే ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంటలో పాతిన గొట్టం. దారి తప్పిన కరెంటు దాని గుండా నేలలోకి పోవాలి. నేల తడిగా ఉంటేనే పోతుంది, అందుకే ఎండాకాలంలో గుంటలో నీళ్లు పోయాలి. మిగతా గుంటలకు ఎలక్ట్రికల్ విభాగం వాళ్లు జాబితా ప్రకారం పోస్తారు. కాటాను తర్వాతెప్పుడో కట్టారు కాబట్టి దాని గుంట ఆ జాబితాలోకి ఎక్కలేదు. అది స్టోర్సు గోడ వెనక ఉంది. వెళ్లి చూస్తే మట్టి పగుళ్లిచ్చి ఉంది, పక్కన ఒక నీలం బకెట్ బోర్లించి ఉంది.

అక్కడ కాపలా ఉండే యాదగిరిని అడిగాను. "రోజు పొద్దుగాల మాణిక్యం సారు పోస్తుండె సార్. మూడేండ్ల సంది సూస్తున్న. పదిహేను దినాలాయె, బంద్ జేసిండు. ఏందంటే, ఆర్డరొచ్చింది అన్నడు" అన్నాడు.

స్టోర్సుకు వెళ్లాను. మాణిక్యం లేచి నిలబడ్డాడు. నీళ్లు పోయడం ఎందుకు మానేశావని అడిగాను.

"మీరే అన్నీ అన్నరు గద సార్. గా ఎర్తు కంప్యూటర్‌దే నాయె. మీరు మెమో ఇస్తె రిటైర్మెంట్ ముంగట నాకెందుకు పరేషాన్."

నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా అన్నాను.

"చెప్పిన సార్. పర్మిషన్ అడుక్కుంట లెటర్ పెట్టిన. మీ తాననే ఉండాలె."

ఉంది. నా గదికి వెళ్లి సొరుగు లాగితే, విప్పని కవరులో ఉంది. ఆ గుండ్రటి చేతిరాత చూసి, బదిలీ గురించి మళ్లీ గుర్తు చేస్తున్నాడనుకుని లోపల పడేశాను. ఇప్పుడు విప్పి చూస్తే, కాటా ఎర్తు గుంటలో ప్రతిరోజూ ఉదయం ఒక బకెట్ నీళ్లు పోయుటకు సర్క్యులర్ ప్రకారం అనుమతి ఇప్పించ ప్రార్థన, పోయనిచో కాటా కంప్యూటర్ చెడిపోగలదు అని రాశాడు. చింపేద్దామనిపించింది. దాచడమెందుకు, అగ్గిపెట్టె కోసం కూడా చూశాను. కానీ కవరు మీద మా ఆఫీసు స్వీకరణ ముద్ర ఉంది, సర్క్యులర్ వచ్చిన మర్నాటి తేదీతో. అంటే ఆఫీసు పుస్తకంలోనూ ఎక్కిందన్నమాట. బయట లారీల హారన్లు వినబడుతున్నాయి. "అనుమతించడమైనది" అని రాసి సంతకం పెట్టి, స్టోర్సుకు పట్టుకెళ్లి ఇచ్చాను.

మాణిక్యం ఆ కాగితాన్ని రెండు సార్లు చదివి, ఫైలులో పెట్టుకుని, అప్పుడు బకెట్ తీశాడు. నేల బాగా ఎండిపోవడంతో ఎనిమిది బకెట్లు పట్టాయి. గంట తర్వాత మీటరు రెండు వోల్టులు చూపించింది. సాయంత్రానికి రోడ్డు మీద లారీ లేదు.

నివేదికలో "ఎర్తింగ్ లోపం, సరిచేయడమైనది" అని రాశాను. ఎవరి వల్ల అన్నది రాయలేదు. సోమవారం సమావేశంలో మేనేజర్ నన్ను మెచ్చుకున్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. మాణిక్యమూ కొట్టాడు. సిగ్గుపడాల్సిన చోట కూడా నాకు అసూయే కలిగింది. ఆయన స్థానంలో నేనుంటే అంత నిదానంగా చప్పట్లు కొట్టగలిగేవాణ్ణి కాదు.

ఆయన దరఖాస్తు మీద నా అభిప్రాయం మార్చి రాసే వీలు ఆ తర్వాత మూడేళ్లు ఉంది. రాయలేదు. స్టోర్సు క్లర్కుగానే ఆయన నాకంటే ఏడాది ముందు రిటైరయ్యాడు. నేనిచ్చిన అనుమతికి గడువేమీ లేకపోయినా, ఉన్నన్నాళ్లూ ప్రతి ఏప్రిల్‌లో బకెట్ నీళ్లకు కొత్త దరఖాస్తు పంపేవాడు. వచ్చిన రోజే విప్పి సంతకం పెట్టేవాణ్ణి.

యంత్రం ఆగితే ఏ భాగం చెడిందని వెతకడమే నాకు తెలిసిన విద్య. ఆ ఏప్రిల్ తర్వాత, ఎవరు ఏ పని మానేశారని ముందు అడగడం నేర్చుకున్నాను. ఎందుకు మానేశారన్నది రెండో ప్రశ్న. ఆసారి దానికి జవాబు పదిహేను రోజులు నా సొరుగులోనే ఉంది.