కువలయ తలుపు ఎందుకు తీసింది

ఆళ్లగడ్డలో నరసింహులు ఇంటి అరుగు మీద ఆదివారం మధ్యాహ్నం చోటు దొరకాలంటే అన్నం సగంలోనే లేచి పోవాల్సి వచ్చేది. పరిచిన నాపరాళ్లు ఎండకు కాలుతున్నా ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు. తుండుగుడ్డ మడిచి కింద వేసుకుని కూర్చునేవాళ్లు. అది 1957 ఎండాకాలం. మద్రాసు నుంచి వచ్చే ఒక వారపత్రికలో ‘ఏడు వాకిళ్ల కోట’ అనే జానపద సీరియల్ పడుతుండేది. పత్రిక రైల్లో శనివారానికి నంద్యాల చేరేది. మరునాడు పొద్దున బస్సు కండక్టరు సామ్యేలు దాన్ని తెచ్చి నరసింహులు చేతికిచ్చేవాడు.

చదివేది నరసింహులు కాదు, అతని చెల్లెలు ఉమామహేశ్వరమ్మ. నరసింహులు చిన్నప్పుడు బడి గిట్టక ఎద్దుల వెంట పోయాడు. ఆమెకు మాత్రం వాళ్ల నాయన ఇంట్లోనే చదువు చెప్పించాడు. మగవాళ్ల ముందు కూర్చోకూడదు గనక గడప లోపల, తలుపు రెక్క చాటున కూర్చుని చదివేది. మనిషి కనిపించదు, గొంతే వినిపిస్తుంది. మాంత్రికుడు ఘోరజటుడు మాట్లాడేటప్పుడు ఆ గొంతు బొంగురుపోయేది, రాకుమారి ఏడ్చేటప్పుడు సన్నబడేది. అరుగు మీద ముసలి రైతులు కూడా ఊపిరి బిగబట్టి వినేవాళ్లు.

ఆమెకు ముప్పై దాటాయి. పాములపాడు దగ్గర ఒక పల్లెలో మద్దిలేటి అనే రైతుకు ఇచ్చి పెళ్లి చేశారు. అయిదారేళ్ల కిందట, ఒక సాయంత్రం, ట్రంకుపెట్టెతో సహా ఆమెను బండెక్కించి పుట్టింటికి పంపేశారు. కారణం ఊరంతటికీ తెలుసు. నీళ్ల తగాదాలో ఎదుటి పక్షంవాడొకడు దెబ్బలు తిని పరుగెత్తుకొచ్చి వాళ్ల గొడ్ల కొట్టంలో దాక్కున్నాడు. మగవాళ్లు వెతుకుతుండగా ఆమె కొట్టం వెనక తలుపు తీసి వాణ్ణి పంపేసింది. ఎందుకు తీసిందో మాత్రం ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు. వాడితో ముందే చనువుందన్నారు కొందరు. నగలకు ఆశపడిందన్నారు ఇంకొందరు. నరసింహులు చెల్లెల్ని ఇంట్లోకి రమ్మన్నాడు, అన్నం పెట్టించాడు. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. అడిగితే ఏం జవాబు వస్తుందోనని భయమో, అడగకపోవడమే మర్యాద అనుకున్నాడో, అతనికే తెలియాలి.

సీరియల్ మొదలైన చాలా వారాల వరకు అంతా సంబరంగానే సాగింది. తర్వాత ఒక వారం, రాకుమారి చెలికత్తె కువలయ కోట ఏడో వాకిలి తలుపు తీసింది. ఘోరజటుడి మనుషులు లోపలికి వచ్చారు. యువరాజు శిలైపోయాడు. కువలయ తలుపు ఎందుకు తీసింది? ఆ ప్రశ్నతోనే ఆ వారం భాగం ముగిసింది.

ఆమె చదవడం ఆపగానే అరుగు మీద గోల లేచింది.

“అది మంత్రమప్పా,” అన్నాడు రంగయ్య. చెరువు కింద మడి చేసుకునే పెద్దమనిషి. “తలుపవతల వాళ్లమ్మ గొంతు వినిపిచ్చినాడు ఘోరజటుడు. సచ్చిపోయిన తల్లి పిలిస్తే ఎవురైనా తీస్తారు.”

బట్టల అంగట్లో గుమాస్తా శ్రీనివాసులు ఒప్పుకోలేదు. “గొంతు వినిపిచ్చింటే రాసేవాడు గదా? రాయలేదు. వాళ్లన్నను చెరలో పెట్టినారు, మరిచిపోయినారా? అన్నను ఇడిపిచ్చుకునేదానికి తీసింటాది.”

“రాకుమారి ముత్యాలదండ చూసి ఉసూరుమనింది గదా, ఆ ముచ్చట యాడ పెడతావ్?” అని ఇంకెవరో అందుకున్నారు.

“ముత్యాలకు అమ్ముడుబోయేదైతే, పెట్టె తాళాలు ఆమె చేతిలోనే ఉండె గదప్పా. ఎప్పుడో ఎత్తుకోని పోయుండొచ్చు.”

ఆ తర్వాతి వారం కూడా రచయిత జవాబివ్వలేదు. రాకుమారి అడవిలో పడి పోతుంటే కథ ఆమె వెంట పోయింది. దాంతో వాదం ముదిరింది. అంగళ్లలో, కళ్లాల్లో, నంద్యాల బస్సులో అదే మాట. రంగయ్య, శ్రీనివాసులు ఒకరి పలకరింపుకు ఒకరు బదులివ్వడం మానేశారు.

ఆ వాదం చెవినపడే శేషయ్య వచ్చాడు. ఇతను మద్దిలేటికి పెదనాన్న కొడుకు. పత్తి బేరానికి ఆళ్లగడ్డ వచ్చి ఇక్కడే ఇల్లు తీసుకున్నాడు. అంతవరకు నరసింహులు గడప తొక్కని మనిషి, ఆ ఆదివారం వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. వచ్చినవాణ్ణి లెమ్మనడం బాగుండదని నరసింహులు ఊరుకున్నాడు. వాదం వేడెక్కాక శేషయ్య నోరు విప్పాడు.

“మంత్రమూ లేదు, అన్నా లేదు. ఒకింటి కూడు తిని బయటోనికి దావ ఇచ్చే ఆడది ఎందుకిస్తాదో నాకు తెల్సు.”

లోపల కాగితం మడిచిన చప్పుడు వినిపించింది.

“ఏం తెల్సు నీకు?” అన్నాడు నరసింహులు.

“కథ గురించి చెప్తాండాలే, నరసింహులన్నా.”

“కథ గురించే మాట్లాడు. కథ దాటి మాట్లాడితే బాగుండదు.”

శేషయ్య నవ్వి లేచాడు. “వచ్చే వారం పడతాదంట గదా, ఎందుకు తీసిందో. ఆ పొద్దు వస్తా.”

ఆ వారమంతా నరసింహులుకు అన్నం సయించలేదు. భార్య అనసూయమ్మ అడిగితే కసురుకున్నాడు. అతని బాధ ఇదీ అని పైకి చెప్పుకోలేడు. ఊరివాళ్లకు కువలయ ఉత్త కథలో మనిషి కాదిప్పుడు. కువలయ మంచిదని తేలితే తన చెల్లెలు మంచిది, చెడ్డదని తేలితే చెల్లెలు చెడ్డది. ఎక్కడో మద్రాసులో కూర్చున్న మనిషి కలం కింద తన ఇంటి పరువు ఇరుక్కుంది.

శనివారం పొద్దున్నే పత్తి విత్తనాలని చెప్పి బస్సెక్కి నంద్యాల పోయాడు. విత్తనాల అంగడి వైపు కన్నెత్తి చూడలేదు, నేరుగా రైలు స్టేషనుకు నడిచాడు. రైలు వచ్చి కట్ట విప్పేదాకా పుస్తకాల అంగడి ముందే నిలబడ్డాడు. పత్రిక చేతికి వచ్చాక దాన్ని తిరిగి అంగడాయనకే ఇచ్చాడు.

“అయ్యా, నాకు సదువు రాదు. కోట కథ యాడుందో చూసి, కువలయ తలుపు ఎందుకు తీసెనో ఆ ముక్క ఒక్కటి సదువు సామీ.”

అంగడాయన వింతగా చూసి పేజీలు తిప్పి చదివాడు. “కువలయ విరగబడి నవ్వింది. ఒడినిండా ముత్యాలు పోస్తానన్నాడు, తీశాను అంది.”

“ఇంకోసారి సదువు.”

ఆయన మళ్లీ చదివాడు. అదే మాట.

“కింద చూడు సామీ. ఆ నవ్వు ఉత్తదే, లోపల వేరే కతుందని ఏమన్నా రాసిండాడేమో.”

“ఏం లేదన్నా. ఆమెను పాతాళానికి తోసేస్తారు. అంతే.”

నరసింహులు పత్రిక చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. సామ్యేలును పక్కకు పిలిచి, రేపు పత్రిక తేవద్దన్నాడు. ఇంటికి చేరి, ఎవరూ చూడకుండా దాన్ని జొన్నల గాదెలో పడేసి పైన జొన్నలు కప్పాడు.

ఆదివారం అరుగు కిక్కిరిసింది. వీధిలో కూడా జనం నిలబడ్డారు. ఉమామహేశ్వరమ్మ గడప లోపల తన చోట్లో వచ్చి కూర్చుంది.

“ఈ వారం పత్రిక రాలేదప్పా. రైల్లో యాడనో తప్పిపోయిందంట,” అన్నాడు నరసింహులు, ఎవరి ముఖమూ చూడకుండా.

ఉసూరుమన్న శబ్దం ఒకటి లేచింది. జనం కదలబోతుండగా వీధిలోంచి శేషయ్య గొంతు వినిపించింది. “రాకేం, వచ్చింది గదా. నిన్న నంద్యాలలో కొనుక్కోనొచ్చినా. ఇదిగో.” జనాన్ని తోసుకుంటూ వచ్చి పత్రికను గడప మీద పెట్టాడు. “సదువమ్మా. నీ గొంతుతోనే వినాల మేము.”

నరసింహులు ముఖం నల్లబడింది. “సదవద్దు మే. లోపలికి పో.”

చెల్లెలు ఒక్క క్షణం అన్న వైపు చూసింది. అతని కళ్లలో భయం చూశాక, ఆ పత్రికలో ఏముందో ఆమెకు అర్థమైపోయినట్టుంది. అయినా చెయ్యి చాచి పత్రిక తీసుకుంది.

ఎప్పుడూ చదివినట్టే చదివింది. కువలయ నవ్వు దగ్గర నవ్వింది కూడా. ముత్యాల మాట వచ్చేసరికి శ్రీనివాసులు తల వంచుకున్నాడు. ఆఖరి వాక్యం అయిపోయింది.

శేషయ్య జనం వైపు తిరిగాడు. “వింటిరా? మంత్రమంట, అన్నంట! ఆశ. అంతే. కథలో అయినా, ఊర్లో అయినా ఆడది తలుపు తీసేది అందుకే.”

నరసింహులు లేచాడు. గోడకు ఆనించిన చేతికర్ర అతని చేతిలో ఉంది. శేషయ్యతో వచ్చిన ఇద్దరు పత్తి బేరగాళ్లు కూడా కర్రలతో ముందుకొచ్చారు. వీధిలో ఆడవాళ్లు పిల్లల్ని లాక్కుని గబగబా లోపలికి పోయారు. ఎవరి కర్ర ముందు లేస్తుందా అన్నట్టుంది.

అప్పుడు తలుపు రెక్క కదిలింది. ఉమామహేశ్వరమ్మ గడప దాటి అరుగు మీదికి వచ్చింది. వారాల తరబడి ఆ గొంతు విన్నవాళ్లలో చాలామంది ఆమె ముఖం చూడటం అదే మొదలు. ఆమె అన్నకూ శేషయ్యకూ నడుమ నిలబడింది.

“కర్ర కింద పెట్టన్నా,” అంది. తర్వాత అరుగు వైపు చూసింది. “ఈ రాసినాయనకు కువలయ సంగతి తెలీదు. తోచకపోతే ముత్యాలని రాసినాడు. మీరు ఇన్ని వారాలు కొట్లాడుకుంటిరి, కువలయ తలుపు ఎందుకు తీసెనని. మంచిదే. నేనూ తీసినా ఒక తలుపు. ఎందుకు తీసినావని నన్ను ఒక్కరు అడిగినారా?”

ఆమె అందరి ముఖాలూ చూసి మళ్లీ అందుకుంది.

“వాని పేరు గూడ నాకు తెలీదు. ఇరవై ఏండ్లు ఉండవ్. కసువు మోపుల ఎనక ముడుక్కోని నెత్తురు కారతాండె. బయట నా మొగుడు గొడ్డలి పట్టుకోని నిలబడిండె. ఈయన అన్న, మా బావ, ఎనక నుంచి నరుకు, నరుకు అంటాండె. నా మొగుడు ముందెప్పుడూ మనిషి మీద చెయ్యెత్తినోడు కాదు. చేతులు వణకతాండాయి. నేను చూస్తాండా. వాడు దొరికితే వాడు సస్తాడు, ఈయన జైలుకు పోతాడు, ఉరికే పోతాడో. ఇద్దరూ బతకాలనుకుంటి. తలుపు తీస్తి.” ఆమె శేషయ్య వైపు తిరిగింది. “చనువుందని మీరంటిరి. నగలంటిరి. నేను చెప్పబోతే మా అత్త నోరు మూసె.”

శేషయ్య ముఖంలో నవ్వు పోయింది గాని కోపం పోలేదు. “నువ్వు పంపిచ్చినోడు బతికి ఏం చేసినాడో తెల్సునా? మూడు నెల్లకు మనుషుల్నేసుకోనొచ్చి నా తమ్ముని కాలు ఇరగ్గొట్టినాడు. వాడిప్పటికీ కుంటుతాండాడు.”

“తెల్సు,” అంది ఆమె. మొదటిసారి గొంతు తగ్గింది. “ఆ కాలు నా వల్లే పోయిందంటే కాదని చెప్పలేను. మీ తమ్మున్ని తలుచుకోని ఏడ్చిన పొద్దులుండాయి. అయినా ఆ పొద్దు మళ్లొస్తే మళ్లీ తీస్తా.”

శేషయ్య చేతిలోని తుండుగుడ్డను దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగి పోయాడు. వెంట వచ్చిన ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కదిలారు. ఆమె వదిలేసిన పత్రిక గడప మీద పడి ఉంది. జనం ఒక్కొక్కరే లేచి పోయారు. రంగయ్య పోతూ పోతూ, “నీకు పుణ్యముంటాదమ్మా,” అన్నాడు. నరసింహులు కర్ర పట్టుకునే అరుగు అంచున కూలబడ్డాడు. ఆ సాయంత్రం దీపం పెట్టేవరకు చెల్లెలి ముఖం చూడలేకపోయాడు. తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడి, “నేనన్నా అడగాల్సింది మే,” అన్నాడు. ఆమె, “కూసో, అన్నం పెడతా,” అంది.

శేషయ్య ఆ మాటల్ని పాములపాడు వైపు మోసుకుపోయాడు. మంచికో చెడుకో చెప్పలేం గాని, విన్నది విన్నట్టే చెప్పాడు. జొన్న కోతలయ్యాక ఒక పొద్దున మద్దిలేటి ఆళ్లగడ్డ బస్సు దిగాడు. అరుగు మీద కూర్చున్నాడు. ఉమామహేశ్వరమ్మ గడపలోకి వచ్చింది.

“గొడ్డలి నా చేతిలోనే ఉండె,” అన్నాడు నేల చూస్తూ. “నువ్వు చెప్పింది నిజమే. ఆ పొద్దే మావాళ్లతో చెప్పాల్సింది. మా అన్న ముందర నోరు రాలేదు. పోదాం రా.”

ఆమె అతనికి మజ్జిగ ఇచ్చింది, అన్నం పెట్టింది. “మీ అన్న నీడన ఉండేదానికైతే రాను,” అంది. “ఈడ నాతో చెప్పినావు. ఆడ, మీ వాళ్లందరి ముందర చెప్పు. అప్పుడు వచ్చి పిలువు.”

అతను సాయంత్రం బస్సుకు ఒక్కడే పోయాడు. ఇంక రాడనుకున్నారంతా. అనసూయమ్మ అయితే ఆమె మొండితనానికి నాలుగు మాటలు అంది కూడా. కాని మరుసటి ఉగాది దాటాక కబురు వచ్చింది. మద్దిలేటి అన్నతో కలబడి, భాగం పంచుకుని, ఊరి చివర వేరే ఇల్లు వేసుకున్నాడు. పంచాయితీలో పెద్దమనుషుల ముందు ఆ గొడ్డలి మాట చెప్పాడట. చెప్పినందుకు అన్నదమ్ములకు మాటలు పోయాయి.

నరసింహులు చెల్లెల్ని నంద్యాల దాకా తీసుకుపోయాడు. అక్కడ ఆత్మకూరు బస్సు దగ్గర మద్దిలేటి ఎదురు చూస్తున్నాడు. ట్రంకుపెట్టె బస్సు పైకెక్కించి, తాడు లాగి గట్టిగా కట్టాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలేటప్పుడు అన్న వైపు చెయ్యి ఊపలేదు, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నరసింహులు దుమ్ములో అలాగే నిలబడి, బస్సు మలుపు తిరిగాక ఆళ్లగడ్డ బస్సు వైపు నడిచాడు.