గుర్రం వెనక పసుపు వెలుగు

ఆయన మహా పండితుడని అందరూ అంటున్నారు గానీ, అదేం కాదు. బొమ్మల హాల్లో గోడకున్న రెక్కల గుర్రం రంగుల బొమ్మ పక్కన నిలబడి, వచ్చినవాళ్లకు దాని అర్థం చెప్పడం ఆయన ఉద్యోగం. ముందు గొంతు సవరించుకుంటాడు, కళ్లజోడు నుదుటి మీదికి తోస్తాడు, చూపుడువేలు గాల్లో తిప్పుతాడు. "నీలం అంటే దిగులు. ఎరుపు అంటే పొగరు. ఇక గుర్రం వెనక ఈ పసుపు వెలుగు ఉందే, అది ఆశ" అంటాడు. ఆశ దగ్గరికి వచ్చేసరికి గొంతు వణుకుతుంది. పదకొండేళ్లుగా రోజూ సరిగ్గా అక్కడే వణుకుతుంది. ఆ ఆశ మీద ఓ చిన్న పుస్తకం కూడా అచ్చు వేయించుకున్నాడు.

మొన్న ఆ బొమ్మను శుభ్రం చేయించారు. చేసింది ఎవరో కాదు, అక్కడే ఆ పని చేసే ఆయన భార్య. పుల్లకు దూది చుట్టి, మందులో ముంచి, వెలుగు మీద ఒక్కసారి రాసింది. రాసినంత మేర పసుపు దూదికి అంటుకుని, కింద తెల్లటి మబ్బు బయటపడింది.

"ఏమండీ, మీ ఆశ పసుపెక్కిన పాత వార్నిష్ అండీ" అంది.

ఆయన కళ్లజోడు నుదుటి మీంచి కిందికి లాక్కున్నాడు. "రేపట్నించి నేనేం చెప్పుకుని బతకాలే?"

"మబ్బు గురించి చెప్పండి."

"మబ్బు గురించి నాకేం తెలుసు?"

పదకొండేళ్లలో అక్కడ నిలబడి ఆయన చెప్పిన నిజం అదొక్కటే. ఆవిడ తోక దగ్గర అరచేయంత పసుపు మురికి తుడవకుండా వదిలేసింది. ఇప్పుడు ఆ ముక్కనే చూపించి, లోకంలో ఆశ తరిగిపోతోందని చెబుతున్నాడు. జనం కళ్లు తుడుచుకుంటున్నారు. మీరు అటు వెళ్తే గుర్రం తోక దగ్గర ఓసారి చూడండి. పసుపు కనబడకపోతే మాత్రం, ఆయన ఎలా ఉన్నాడో కాస్త కనుక్కోండి.